ఏటిగట్టు మీద ఏడో మైలు

ఏటిగట్టు మీద నడిచేటప్పుడు ఏటివైపు కాదు, ఊరివైపు చూస్తూ నడవాలని నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. చెప్పినా పరీక్షలో రాసేసి మరిచిపోయేదాన్నేమో. ఆ సంగతి నాకు నేర్పినవాడు సంతకం తప్ప మరో అక్షరం రాయడం రాని మా గట్టు కాపలా లస్కరు. ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలు కొందరు కలిసినప్పుడు, "మొదట్లో మీకు భయం వేయలేదా మేడం?" అని అడిగారు. వేసింది. అది ఎలా తగ్గిందో చెప్పాలంటే ఒక వరద రోజు గురించి చెప్పాలి. అందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాటేసి చెబితే మీకు దీనివల్ల ఉపయోగం ఉండదు.

తొంభైల మధ్యలో అసిస్టెంట్ ఇంజనీరుగా నా మొదటి పోస్టింగు గోదావరి గట్ల సెక్షన్‌లో పడింది. రావులపాలేనికి దిగువన తొమ్మిది మైళ్ళ ఏటిగట్టు నా పరిధి. మాది జంగారెడ్డిగూడెం వైపు మెట్ట. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లు, జీడిమామిడి తోటలు చూస్తూ పెరిగాను. మాకు నీళ్ళంటే బోరులోంచి వచ్చేవే. గోదావరిని బస్సు కిటికీలోంచి చూడడం తప్ప దగ్గరగా ఎరగను. పోస్టింగు ఆర్డరు చూసి మా అమ్మ బైబిలు ముందు కూర్చుని ప్రార్థన చేసి, "భయమేసినప్పుడు గట్టిగా మాట్లాడు. నువ్వు భయపడితే గొంతు లోపలికి పోతుంది" అంది. నిజమే. నా గొంతు ఎప్పుడూ లోపలికే పోయేది.

ఆ ఆఫీసులో నాకు ముందు ఆడమనిషి పనిచేసిన దాఖలా లేదు. ఆడవాళ్ళకు బాత్రూమ్ లేదు. స్టోరులో ఉన్న గమ్‌బూట్లు మగవాళ్ళ సైజువి. వాటిలో గుడ్డలు కుక్కుకుని నడిస్తే నేను ఒకవైపూ బూట్లు ఒకవైపూ పోయేవి. బాత్రూమ్ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. పొద్దున్నించీ మంచినీళ్ళు తాగకుండా నెట్టుకొచ్చేదాన్ని. రెండో వారంలో కళ్ళు తిరిగి కూర్చుండిపోతే హెడ్ క్లర్కుగారికి విషయం అర్థమైనట్టుంది. మర్నాడు ఆఫీసు వెనకాలే ఉన్న ఆయన ఇంటి నుంచి వాళ్ళావిడ వచ్చి, "మా దొడ్డి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందమ్మా. అడగక్కర్లేదు, వచ్చేస్తూ ఉండండి" అని చెప్పి వెళ్ళింది. రెండున్నరేళ్ళపాటు ఆ తలుపు నాకోసం తీసే ఉంది.

లస్కరు గురించి చెప్పాలి. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. యాభై అయిదేళ్ళు దాటాయి. గట్టు మీద ముప్ఫై ఏళ్ళు నడిచినవాడు. నేను బాబాయ్ గారూ అని పిలిస్తే మొదట్లో ఇబ్బందిపడి, "నన్ను గారూ అనకండి మేడంగారూ, మిగతావాళ్ళు నవ్వుతున్నారండి" అన్నాడు. దాంతో బాబాయ్ అనడం మొదలుపెట్టాను. ఏం చెప్పినా "ఆయ్" అనేవాడు. ఆ ఆయ్‌లో ఒప్పుకోలు ఎంతో, లోపల దాచుకున్న అభ్యంతరం ఎంతో తెలుసుకోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

ఇక నా తప్పు.

వానాకాలం మొదలవకముందు, మే నెలలో, గట్టు మొత్తం నడిచి పరీక్షించాలి. ఎక్కడ ఎలుక బొరియలున్నాయి, ఎక్కడ గట్టు కుంగింది, ఊరివైపు అడుగున ఎక్కడ తేమ ఉంది, అన్నీ చూసి రిజిస్టరులో రాయాలి. ఆ వారం లస్కరు కూతురి పురుటికని సెలవు పెట్టాడు. నేను ఒక్కదాన్నే జీపులో బయలుదేరాను. ఆరు మైళ్ళు బుద్ధిగా దిగి, చూసి, రాశాను. ఏడో మైలు దగ్గర గట్టు అడుగును ఆనుకుని ఒక అరటితోట ఉండేది. ఆ తోట రైతుకి నేను నెల కిందటే నోటీసు ఇచ్చాను, గట్టు వాలు మీద పశువుల పాక వేశాడని. అప్పుడాయన పదిమందిలో, "ఈ గట్టు మా తాతలు తట్టలు మోసి ఎత్తు చేసిందండి. నిన్నగాక మొన్న వచ్చిన మీరు చెబితే పాక పీకాలాండీ?" అని అడిగాడు. నా గొంతు లోపలికి పోయింది.

మళ్ళీ ఆయన ఎదురుపడతాడని భయం. ఎండ కూడా మండిపోతోంది. జీపు దిగకుండానే ఏడో మైలు ఎదురుగా "బాగుంది" అని రాశాను. ఒక్క మాట. రాసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది. ఆగిందని నాకు తెలుసు. అయినా రాశాను.

ఆగస్టులో వరద వచ్చింది. పైన నాలుగు రోజులు వానలు. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వైర్‌లెస్‌లో చెప్పారు. మా డీఈగారు, అంటే నా పై అధికారి, మమ్మల్ని తెల్లవారుతూనే నిలబెట్టి పనులు పంచారు. ఆయనకు కోపం ఎక్కువ, మాటలు తక్కువ. నా వంతు తొమ్మిదో మైలు దగ్గర కాలువ మీదున్న లాకులు. "అక్కడే పాత గండి పూడ్చిన చోటుంది. ఏదైనా జరిగితే అక్కడే జరుగుతుంది. కదలకుండా ఉండు" అన్నారు.

ఆరున్నరకి జీపులో నేనూ, లస్కరూ, డ్రైవరూ బయలుదేరాం. కుడిపక్క గోదావరి ఎర్రగా, గట్టుకు సగం పైకి వచ్చేసి, చెట్లూ దుంగలూ మోసుకుపోతోంది. ఎడమపక్క, ఎంతో దిగువన, ఊళ్ళు. పెంకుటిళ్ళ కప్పులు నీటిమట్టం కంటే కిందికి కనబడుతున్నాయి. ఏడో మైలురాయి కనబడింది. "నువ్వు అక్కడ చూడలేదు" అని లోపల ఎవరో చాలా మామూలుగా చెప్పారు. అది దేవుడి మాటో నా భయమో ఈనాటికీ తెలియదు. రెండింటికీ నా గొంతే ఉంటుంది కాబట్టి పోల్చుకోవడం కష్టం. జీపు మైలురాయి దాటి ఒక ఫర్లాంగు పోయింది.

"ఆపండి. వెనక్కి తిప్పండి" అన్నాను.

"లాకుల దగ్గరికి లేటైతే డీఈగారు ఊరుకోరండి" అన్నాడు డ్రైవరు.

లస్కరు నావైపు తిరిగాడు. "ఏంటి మేడంగారూ?"

"మేలో నేను ఇక్కడ దిగి చూడలేదు బాబాయ్. చూసినట్టు రాసేశాను."

తిట్టినా బాగుండేది. ఆయన తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "అయితే ఇప్పుడు చూద్దామండి. ఆయ్. తిప్పవయ్యా" అన్నాడు.

అరటితోటలోకి దిగాం. గట్టు అడుగు నుంచి ఏడెనిమిది గజాల దూరంలో, రెండు చెట్ల మధ్య, నేలలోంచి నీళ్ళు ఉబుకుతున్నాయి. చెంబు మూతి అంత బుంగ. చుట్టూ మెత్తటి ఇసుక గుండ్రంగా పేరుకుంది. ఉబికే నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

లస్కరు దోసిట్లో పట్టి చూశాడు. "ఊట నీళ్ళు తేటగా ఉన్నంతసేపు భయంలేదండి. గట్టన్నాక చెమరుస్తుంది. కానీ ఇది మట్టి తెస్తోందండి. గట్టు కడుపులోంచి అరుగుతోంది."

వెంటనే పరుగెత్తి, జీపులో ఉన్న ఇసుక బస్తాలు మోయించుకొచ్చి, బుంగ మీద వేయమన్నాను. "కొంచెం ఆగండి..." అని లస్కరు ఏదో అనబోయాడు. "ఆగే టైము లేదు, వేయండి!" అని అరిచాను. గొంతు పైకి వచ్చింది గానీ, రాకూడని చోట వచ్చింది. నాలుగు బస్తాలు వేసి తొక్కించాను. నీళ్ళు ఆగిపోయాయి. డ్రైవరు, "ఆగిందండి మేడం!" అన్నాడు. నేను చెయ్యి గుండెల మీద పెట్టుకుని స్తోత్రం చెప్పుకున్నాను.

పావుగంట కాలేదు. ఆ బస్తాలకి అయిదడుగుల దూరంలో ఒకటి, ఇంకాస్త అవతల మరొకటి, కొత్త బుంగలు తెరుచుకున్నాయి. మొదటిదానికంటే పెద్దవి. ఒకదాంట్లోంచి నీళ్ళు జానెడు ఎత్తు ఎగురుతున్నాయి.

"బాబాయ్, ఇందాక ఏం చెప్పబోయారు?" అని అడిగాను.

ఆయన ఎత్తిపొడవలేదు. "దాని నోరు మూయకూడదండి. మూస్తే ఇంకోచోట తెరుస్తుంది. చుట్టూ నుయ్యి ఒరలా బస్తాలు పేర్చి, లోపల నీళ్ళు నిలబెట్టాలండి. ఏరు అటు నుంచి తోస్తుంటే, ఆ నిలబడ్డ నీళ్ళు ఇటు నుంచి తోస్తాయి. అప్పుడు మట్టి కదలదండి."

నేను చదువుకున్నానే! రింగు బండు. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. ఆ ప్రశ్నకి నాకు మంచి మార్కులొచ్చాయి. అరటితోటలో బురదలో నిలబడ్డప్పుడు మాత్రం అందులో ఒక్క అక్షరం కూడా గుర్తురాలేదు. ఆయన చెప్పాక అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, పైన నీళ్ళు పోవడానికి దారి ఎక్కడ వదలాలి. మూడు బుంగలూ లోపలికి వచ్చేట్టు కట్టాలంటే నలభై అడుగుల చుట్టు కావాలి. బస్తాలు వందలు కావాలి. ఇసుక కావాలి. అన్నిటికంటే ముందు, గట్టు అడుగున నేల కనబడాలి. తోట కొట్టేయాలి.

అప్పుడే తోట రైతు వచ్చాడు. చేతిలో కత్తి ఉంది. చెట్ల నిండా గెలలు, ఇంకో పది పదిహేను రోజుల్లో కోతకొచ్చేవి.

"ఏంటండీ ఇంజనీరమ్మగారూ, నా తోటలో ఏం చేస్తున్నారు?"

బుంగలు చూపించాను. "ఇక్కడ రింగు బండు వేయాలండి. ఈ చెట్లు కొట్టేయాలి. ఇలాగే వదిలేస్తే మధ్యాహ్నానికి గట్టు ఉండదు. మేలోనే నేను ఇక్కడ దిగి చూడాల్సింది. మిమ్మల్ని ఎదుర్కోవడానికి భయపడి దిగలేదు. తప్పు నాది. కానీ ఇప్పుడు చెట్లు మాత్రం కొట్టాలి."

నోరు తెరిచి ఇన్ని మాటలు ఒకేసారి నేను ఎవరితోనూ అని ఎరగను. ఆయన నన్ను చూశాడు, బుంగల్ని చూశాడు, తలెత్తి గట్టు మీదకి చూశాడు. "ఎన్ని చెట్లండి?"

"కనీసం మూడు వరసలు."

"మీ మనుషులకి కొట్టడం రాదండి, గెల మీద పడేసుకుంటారు. జరగండి" అని మొదటి చెట్టు తనే నరికాడు. నరుకుతూనే ఊరివైపు తిరిగి పెద్దగా కేకలు వేశాడు. "రండ్రా! గట్టుకి బుంగ పడింది! రండి!"

ఆ తర్వాత జరిగినదాన్ని వరసగా చెప్పడం నావల్ల కాదు. గుళ్ళో మైకులో ఎవరో పిలిచారు. చర్చిలో గంట ఆపకుండా కొట్టారు. జనం వచ్చారు. పొలం కూలీలు, రైతులు, స్కూలు మాస్టార్లు, కొంగు బిగించిన ఆడవాళ్ళు. బస్తాలు చాలవన్నాను. ఒకావిడ ఇంటికి పరుగెత్తి వెళ్ళి, ఏడాది తిండికి ఉంచుకున్న ధాన్యం గచ్చు మీద కుమ్మరించి, ఖాళీ గోనెలు భుజాన వేసుకుని వచ్చింది. అది చూసి మిగతావాళ్ళూ వెళ్ళారు. ఇసుక ఎక్కడుందంటే, కొత్త చర్చి కట్టడానికని ఊరి చివర దళితుల పేటలో పెద్ద గుట్ట పోసి ఉంది. పాస్టరుగారిని అడగడానికి నేను వెళ్ళేసరికి ఆయన అప్పటికే లుంగీ ఎగ్గట్టి పారతో నింపిస్తున్నారు. "అడగడమేంటమ్మా, గట్టు లేకపోతే చర్చి ఎక్కడ కడతాం?" అన్నారు. పేట నుంచి తోటదాకా మనుషులు వరసగా నిలబడి బస్తాలు చేతులు మార్చారు. ఆ వరసలో ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో ఆ వేళ ఎవరూ చూసుకోలేదు.

ఒకాయన దగ్గరగా ఉంది కదా అని గట్టు అడుగునే మట్టి తవ్వబోయాడు. "ఆ పార కిందపెట్టండి! ఇక్కడ ఒక్క తట్ట కూడా తీయడానికి వీల్లేదు" అన్నాను. ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. మారుమాట లేకుండా పెట్టేశాడు. అప్పుడుగానీ నాకు తెలియలేదు, ఇంతసేపూ నేను గట్టిగానే మాట్లాడుతున్నానని.

రింగు మూడడుగులు లేచేసరికి డీఈగారి జీపు గట్టు మీద ఆగింది. పైనుంచే, "లాకుల దగ్గర ఉండమంటే ఇక్కడేం చేస్తున్నావు?" అని అరిచారు. అందరూ పని ఆపారు.

"మీరు ఆపకండి" అని వాళ్ళతో చెప్పి, గట్టెక్కి వెళ్ళాను. "మూడు బుంగలండి. మట్టి వస్తోంది. లాకుల దగ్గరికి నేను వెళ్ళలేను. అక్కడికి ఇంకొకరిని పంపండి. నాకు ఇంకో రెండు వందల బస్తాలు కావాలి."

ఆయన కిందికి దిగి, వంగి, నీళ్ళు చూశారు. "ఎంత ఎత్తు లేపుతావు?"

"నీళ్ళు తేటపడేదాకా అండి."

"ఊఁ" అన్నారు. వైర్‌లెస్ తీసుకుని లాకుల దగ్గరున్న బస్తాల లారీని ఇటు మళ్ళించమన్నారు. బూట్లు విప్పి జీపులో పెట్టి, వచ్చి వరసలో నిలబడ్డారు.

రింగు నాలుగున్నర అడుగులకి చేరాక లోపలి నీళ్ళు ఉబకడం నెమ్మదించింది. ఇంకో అరగంటకి, మధ్యాహ్నం రెండు దాటాక, లస్కరు రింగు అంచు మీంచి వంగి దోసిట్లో నీళ్ళు తీసుకున్నాడు. మళ్ళీ పారబోసి, ఇంకోసారి తీసుకున్నాడు. ఆ రెండో దోసిలి నా ముందుకి చాచాడు. నీళ్ళలోంచి ఆయన అరచేతి గీతలు కనబడ్డాయి.

"ఆయ్" అన్నాడు. ఈసారి అందులో ఏ అభ్యంతరమూ లేదు. నేను ఆ బురదలోనే బస్తా మీద కూర్చుని ఏడ్చేశాను. ధాన్యం కుమ్మరించి గోనెలు తెచ్చినావిడ నా పక్కన కూర్చుని, తన కొంగుతో నా మొహం మీద బురద తుడిచింది.

మూడు రోజులు ఆ రింగు పక్కనే కాపలా ఉన్నాం. వరద తీసింది. గట్టు నిలబడింది.

నాలుగో రోజు ఆఫీసుకి వెళ్ళాను. వరద మీద రిపోర్టు పంపాలి, మే నెల రిజిస్టరు కూడా జతచేయాలి. హెడ్ క్లర్కుగారు రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టి, గొంతు తగ్గించి, "అమ్మా, ఇక్కడ బాగుంది అని రాశారు. పక్కన చోటుంది. 'అడుగున తేమ ఉంది, మరమ్మతు అవసరం' అని ఒక ముక్క చేర్చితే సరిపోతుంది. సిరా కూడా అదే. నేనేమీ చూడలేదు" అన్నారు.

నా మీద ప్రేమతోనే అన్నారు. అదే కష్టం. శత్రువు చెప్పుంటే కాదనడం తేలిక. నా ఇబ్బంది కనిపెట్టి దొడ్డి తలుపు తీయించిన మనిషి ఆయన. ఆ మాట వింటే నా ఉద్యోగానికి మచ్చ ఉండదు. పైగా నేను ముందే హెచ్చరించానని పేరొస్తుంది, తప్పు పైవాళ్ళ మీదకి పోతుంది. కలం తీసుకున్నాను. మే నెలలో ఆగినట్టే చెయ్యి ఆగింది. ఈసారి దాని మాట విన్నాను.

"వద్దండి" అన్నాను. "మీరు నాకు ఇప్పటికే చేసిన సాయం చాలు. ఇది మాత్రం చేయనివ్వకండి." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, రిజిస్టరు మూసేశారు. రిపోర్టు చివర, "ఏడో మైలు వద్ద తాను దిగి పరీక్షించకుండానే బాగుందని రాయడమైనది, బాధ్యత తనదే" అని రాసి సంతకం చేశాను. కంగారులో నేను అనడానికి బదులు తాను అని రాసినట్టు తర్వాత చూసుకున్నాను. కొట్టేసి, "నేను" అని దిద్దాను.

మెమో వచ్చింది. తీవ్రంగా మందలిస్తున్నామని, సర్వీసు పుస్తకంలో నమోదు చేస్తున్నామని దాని సారాంశం. డీఈగారు నన్ను గదిలోకి పిలిచి ఆ కాగితం చేతికిచ్చారు. తర్వాత సొరుగులోంచి ఇంకో కాగితం తీశారు.

"రాజమండ్రిలో డిజైన్స్ సెక్షన్‌లో ఖాళీ ఉంది. నీకు లెక్కలు బాగా వచ్చు. ఫ్యాను కింద పని. ఇక్కడ నీ మీద మెమో ఉందని నలుగురూ అనుకుంటారు. పేరు రాయమంటావా?"

ఆయన మామూలుగా ఎవరికీ ఇలాంటి సాయం చేసే మనిషి కాదు. నాకోసం ఎవరినో అడిగి ఉంటారు.

"వద్దండి. ఇక్కడే ఉంటాను."

"ఎందుకమ్మా?"

"ఈ గట్టు నాకింకా తెలియదండి."

ఆయన ఆ రెండో కాగితాన్ని మడిచి చింపేశారు. "అయితే పో. పని చూసుకో" అన్నారు.

మర్నాడు ఉదయం లస్కరూ నేనూ గట్టు పైన కాకుండా ఊరివైపు అడుగునే, ఒకటో మైలు నుంచి నడక మొదలుపెట్టాం. ఎండ మాటిమాటికీ కూర్చోబెట్టింది. ఒక్కో చోట ఆగి, ఈ నేల ఎప్పుడు మెత్తబడుతుంది, ఈ గడ్డి ఇక్కడే ఎందుకు పచ్చగా ఉంది అని ఆయన చెబుతుంటే నేను రాసుకున్నాను. ఏడో మైలు దగ్గర పశువుల పాక లేదు. రైతు మిగిలిన చెట్లకి ఊతకర్రలు కడుతున్నాడు. నన్ను చూసి, "మీ నోటీసుకి భయపడి కాదండి" అన్నాడు. "తెలుసండి" అన్నాను. లస్కరు మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు.

చీకటిపడే వేళకి ఆరు మైళ్ళు దాటి, ఏడో మైలు ముగించాం. కాళ్ళు పగిలాయి. "మిగతా రెండూ రేపు చూద్దామా మేడంగారూ?" అన్నాడు లస్కరు.

"రేపు పొద్దున్నే వద్దాం బాబాయ్. వెలుతురు లేకుండా చూసింది చూసినట్టు కాదు" అని, పుస్తకంలో ఎనిమిది, తొమ్మిది అంకెలు వేసి, వాటి ఎదురుగా "ఇంకా చూడలేదు" అని రాశాను.